ప్రొబేషన్ ఆఫీసులో పెద్ద కుర్చీ: సంతకం పెట్టే ముందు

ఒడియాలో ‘ఆజ్ఞా’ అంటే మనం అనుకునే ఆజ్ఞ కాదు. ‘అవునండీ’, ‘చిత్తం’, ‘చెప్పండి బాబూ’, ‘మీరేటంటే అదే’ — ఇన్నింటికీ కలిపి అదొక్క మాటే. కొండ దిగి వచ్చిన సవర మనిషి పోలీసు ముందైనా, కోర్టు గుమస్తా ముందైనా, మాలాంటి ప్రొబేషన్ వాళ్ళ ముందైనా మొదట అనేది అదే. ఈ సంగతి చిన్నప్పట్నుంచీ తెలిసిన మనిషిని నేను. అయినా జిల్లా ప్రొబేషన్ ఆఫీసరు కుర్చీలో కూర్చున్న మొదటి వారంలో, ఒక రిపోర్టు మీద కళ్ళు మూసుకుని సంతకం పెట్టేశాను. నేరం రుజువైనవాణ్ణి జైలుకి పంపకుండా, బాండు రాయించుకుని మా కనిపెట్టులో బయటే ఉంచడం ప్రొబేషన్. అలా ఉంచొచ్చా లేదా అని కోర్టుకి చెప్పే రిపోర్టు అది.

జీడితోటలో నీళ్ళ మోటారు ఎత్తుకెళ్ళిన కుర్రాడి కేసు అది. మా ఆఫీసరు రాసుకొచ్చిన రిపోర్టులో మూడు వాక్యాలు ఇప్పటికీ నాకు గుర్తే. తాగే అలవాటుందని ఒప్పుకున్నాడు. ఇంట్లో తగాదాలున్నాయని ఒప్పుకున్నాడు. చేసినదానికి పశ్చాత్తాపం లేదని ఒప్పుకున్నాడు. ఆ మూడోదాని దగ్గరైనా నేను ఆగాల్సింది. పశ్చాత్తాపం లేదని ఒప్పుకునేవాణ్ణి నా సర్వీసులో ఇంకెక్కడా చూడలేదు.

కుర్రాడికి ఆరు నెలలు జైలు పడింది. రెండు నెలలు పోయాక వేరే ఖైదీ పెరోలు విచారణకి సబ్ జైలుకి వెళ్తే అక్కడ కనపడ్డాడు. ‘పెళ్ళయిందా?’ అని ఒడియాలో అడిగాను. ‘ఆజ్ఞా’ అన్నాడు. కాసేపాగి ‘పెళ్ళి కాలేదా?’ అని అడిగాను. ‘ఆజ్ఞా.’ పక్కనున్న వార్డరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తర్వాత పదకొండేళ్ళు అదే పనిలో ఉండి రిటైరయ్యాను. మాది పర్లాకిమిడి. సర్కారు కాగితాల్లో పరలాఖెముండి. 1936లో ఒడిశా వేరు పడ్డప్పుడు మా పుట్టింటివాళ్ళు ఇటు ఉండిపోయారు, అత్తవారు పాతపట్నంలో అటు ఉండిపోయారు. మా ఇంట్లో తెలుగు, వీధిలో సగం తెలుగు సగం ఒడియా, ఆఫీసులో అంతా ఒడియా, కొండమీద సవర. గజపతి, రాయగడ వైపు ఈ కుర్చీలోకి కొత్తగా వచ్చే మనవాళ్ళు ‘అక్కా, ఎలా చేశావు?’ అని అడుగుతూ ఉంటారు. వాళ్ళ కోసమే ఇది.

ముందొక సంగతి. 1958 నాటి అపరాధుల ప్రొబేషన్ చట్టం తిరగేస్తే మీ పెద్ద కుర్చీ అందులో కనపడదు. ప్రొబేషన్ అధికారి ఏం చెయ్యాలో 14వ సెక్షనులో ఉంది: విచారించి కోర్టుకి రిపోర్టివ్వాలి, విడుదలైనవాణ్ణి కనిపెట్టుకుని ఉండాలి, అవసరమైతే పని చూపించడానికి ప్రయత్నించాలి, నష్టపరిహారం కట్టడంలో సాయం చెయ్యాలి. ఆ అధికారి జిల్లా మేజిస్ట్రేటు అదుపులో ఉంటాడని 13వ సెక్షను చెప్తుంది. మధ్యలో ఉన్న మీ గురించి చట్టం ఊసెత్తలేదు, రాష్ట్ర నియమాలకి వదిలేసింది. అందుకే చాలామంది ఈ పనిని రిజిస్టర్లు, జీతాల బిల్లులు, సెలవు చీటీలు అనుకుంటారు. అవి చెయ్యాల్సిందే. హెడ్ క్లర్కు మంచివాడైతే రోజుకి గంట సరిపోతుంది. మిగతా రోజంతా కింది ఆఫీసరు చూసొచ్చిన మనిషి మీకూ కనపడుతున్నాడా లేదా అని తేల్చుకోవడానికే.

కోర్టు నుంచి వచ్చిన కాగితాల్ని పొద్దున్నే రెండుగా విడగొట్టండి. వెళ్ళి ప్రయోజనం లేనివి ముందు పక్కకి పెట్టండి. మన వైపు ఎక్కువగా వచ్చేది గంజాయి. మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 33వ సెక్షను ప్రకారం ఆ చట్టం కింద శిక్ష పడ్డవాడికి ప్రొబేషన్ వర్తించదు. పద్దెనిమిదేళ్ళు నిండనివాడైతే, లేదా 26, 27 సెక్షన్ల కేసైతే తప్ప. 27 అంటే తాను తాగినందుకు పెట్టిన కేసు. మూట మోసినవాడికి దారి లేదు. మూట మోయించినవాడు ఎలాగూ దొరకడు, ఆ మాట వేరు. మోసినవాడి తల్లి మీ గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంది. చూద్దాంలే అమ్మా అనకండి, అది పాపం. చట్టంలో లేదని ఆరోజే చెప్పి, అప్పీలు కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థకి దారి చూపించండి. దళితుల, గిరిజనుల మీద అత్యాచారాల నిరోధక చట్టంలో కూడా 19వ సెక్షను పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళకి ప్రొబేషన్ తలుపు మూసింది. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలు ఎలాగూ 4వ సెక్షనులోకి రావు. అడ్డదిడ్డంగా లారీ నడిపి మనిషిని చంపిన కేసుల్లో ప్రొబేషన్ మాట తలపెట్టొద్దని 2000లో దల్బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అలాంటి ఫైలు మీద ఆఫీసరు నాలుగు రోజులు తిరిగితే ఆ నాలుగు రోజులూ ఇంకొక కుర్రాడి దగ్గర కోసుకున్నవే.

మిగిలినవాటిలో వయసు చూడండి. ఇరవై ఒకటి నిండనివాడైతే 6వ సెక్షను కింద కోర్టు రిపోర్టు తెప్పించుకోవాల్సిందే, జైలుకి పంపితే కారణాలు రాయాల్సిందే. ఆ వయసు లెక్క నేరం చేసిన రోజుకి కాదు, కోర్టు తేల్చే రోజుకి. 1962లో రామ్‌జీ మిస్సర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిన మాట అది. ఇక వయసుకి రుజువు ఏదీ? కొండ ఊళ్ళల్లో ఆధార్ కార్డులు చూస్తే ఊరు ఊరంతా జనవరి 1నే పుట్టినట్టుంటుంది. కార్డు చూసి వయసు రాసే ఆఫీసర్ని మళ్ళీ పంపండి. బడి రిజిస్టరు, అంగన్‌వాడీ పుస్తకం, సవర ఊళ్ళల్లో చర్చి పుస్తకం — ఇవి చూడాలి. మన మోటారు కుర్రాడికి ఆధార్ ప్రకారం ఇరవై రెండు. చర్చి పుస్తకంలో ఇరవై. ఆ ఒక్క గీత మీదే తర్వాత అప్పీలు నిలబడింది. అప్పీలు కోర్టుకి కూడా ప్రొబేషన్ ఇచ్చే అధికారం 11వ సెక్షనులో ఉంది. రెండోసారి రిపోర్టు అడిగారు, ఈసారి నేనే వెళ్ళాను.

కేసులు పంచేటప్పుడు అంకెలు చూడకండి. ‘మేడమ్, నాకు ఇరవై, ఆయనకి పన్నెండే’ అని గొడవ మొదటి రోజే వస్తుంది. పర్లాకిమిడి టౌనులో ఇరవై కేసులంటే సైకిలు మీద తిరిగేయొచ్చు. మోహన వైపు పన్నెండంటే పన్నెండు రోజులు. నేను గోడకి జిల్లా మ్యాపు తగిలించి, బస్సు దారుల్ని రంగు దారాలతో కట్టించాను. ఒక దారం మీద ఉన్న ఊళ్ళు ఒక మనిషికి. కాశీనగర్, గుణుపురం వైపు రైలున్న చోట్లకి మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయన్ని వేశాను. ఆయన నాకంటే పదేళ్ళు సీనియరు సర్వీసులో, ఆ మాత్రం మర్యాద చెయ్యకపోతే పని నడవదు.

రిపోర్టు మీ బల్ల మీదికి వచ్చాక నేను అడిగే ప్రశ్నలు ఇవి. కాగితం మీద రాసిచ్చేవి కావు, ఎదురుగా కూర్చోబెట్టి అడిగేవి.

‘ఏ భాషలో మాట్లాడావు, బాబూ? మధ్యలో మాట అందించింది ఎవరు?’ ఈ ప్రశ్నకి జవాబు రిపోర్టు మొదటి పేరాలోనే ఉండాలని రూలు పెట్టాను. మాట అందించింది ఫిర్యాదుదారు బావమరిది అయితే ఆ రిపోర్టు చింపేయడమే. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇదే పర్లాకిమిడిలో బడిలో పాఠాలు చెప్పుకుంటూ సవర నేర్చుకున్నారు. మనం అంత చెయ్యలేం గానీ, ‘అవును’కీ ‘కాదు’కీ వాళ్ళ మాటలేవో తెలుసుకోవచ్చు. అవును-కాదు జవాబు వచ్చే ప్రశ్న అసలు అడగొద్దని మావాళ్ళకి నేర్పాను. ‘తాగుతావా?’ అంటే ఆజ్ఞా. ‘మొన్న సంతలో ఏం చేశావు, ఎవరితో వెళ్ళావు, ఎప్పుడొచ్చావు?’ అంటే కథ చెప్తాడు. కథలో అన్నీ ఉంటాయి.

‘ఎన్నింటికి వెళ్ళావు?’ పగలు పదకొండుకి వెళ్తే కొండ ఊళ్ళో ముసలమ్మలూ కోళ్ళూ ఉంటారు. ‘ఇల్లు తాళం వేసి ఉంది, స్థిర నివాసం కనపడలేదు’ అని రాసుకొస్తారు. పొలానికి పోయినవాడికి ఇల్లు లేదనడం! ఒకసారైనా పొద్దుగుంకాక వెళ్ళాలి, కావాలంటే ఆ ఊళ్ళోనే పడుకోవాలి. ఆ రాత్రి బత్తా బిల్లు పాసయ్యేలా పోట్లాడ్డం మీ వంతు. ఆడ ఆఫీసర్లని ఒంటరిగా పంపకండి, అలాగని వాళ్ళకి టౌను కేసులే ఇచ్చి కూర్చోబెట్టకండి. ఇంట్లో ఆడవాళ్ళు చెప్పేది వాళ్ళకే చెప్తారు.

‘ఏ నెలలో ఏం పని చేస్తాడు?’ ‘కూలి పని’ అన్న రెండు మాటలు చాలవు. ఎండాకాలం జీడి, వానల్లో నాట్లు, కార్తీకం దాటాక కోతలు, తర్వాత ఇటుక బట్టీ — ఇలా పన్నెండు నెలలూ రాయించాను. ఖాళీ ఏ నెలలో ఉందో అక్కడే నేరం ఉంటుంది చాలాసార్లు. మన మోటారు కుర్రాడిది కూడా బట్టీ డబ్బు ఎగ్గొట్టిన సంవత్సరమే.

‘పోగొట్టుకున్నవాడు ఏమన్నాడు?’ దీన్ని అందరూ వదిలేస్తారు. నష్టపరిహారం ఇప్పించే అధికారం 5వ సెక్షను కోర్టుకిచ్చింది. ఎంత అడుగుతున్నాడు, కుర్రాడు నెలకి ఎంత ఇవ్వగలడు అన్నది మీరు రాయకపోతే కోర్టుకి ఎలా తెలుస్తుంది?

‘నడవడి మంచిది’, ‘ఊళ్ళో సదభిప్రాయం ఉంది’ అనే మాటలు నిషేధించాను. ఎవరి అభిప్రాయం? గొమాంగోదా, అంటే సవరల ఊరిపెద్దదా? అతనికీ ఈ ఇంటికీ భూమి తగాదా ఉందా? పేరు వద్దు, సంబంధం రాయండి.

స్థిర నివాసం దగ్గర ఇంకొక మెలిక. 4వ సెక్షను నేరస్థుడికో, లేదా జామీనుదారుకో, ఇద్దరిలో ఒక్కరికి స్థిర నివాసమో నిలకడైన పనో ఉంటే చాలంటుంది. కోర్టు హద్దులోనే అక్కర్లేదు, ఆ గడువులో అతను బతకబోయే చోటైనా సరే. పట్టా కాగితం లేదని మావాళ్ళు చేతులెత్తేసేవారు. రేషను కార్డు, 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఇవన్నీ ఇల్లున్నట్టు చూపించేవే.

షరతుల సిఫారసు విషయంలో చేతిని అదుపులో పెట్టుకోండి. పర్యవేక్షణ ఉత్తర్వు ఏడాదికి తక్కువ ఉండకూడదు, బాండు మూడేళ్ళకి మించకూడదు. ఆ లోపల మత్తు ముట్టొద్దని షరతు పెట్టొచ్చని చట్టంలో ఉంది. ఉందని అందరికీ రాసేస్తే ఎలా? జీలుగు కల్లు లేకుండా పూజ జరగని ఊళ్ళో ఆ షరతు మొదటి పండక్కే తెగిపోతుంది. తాగి సంతలో గొడవ పడ్డవాడికైతే సంత రోజు తాగొద్దు అని రాయించండి. నిలబెట్టుకోగలిగింది అడిగితేనే నిలబెట్టుకుంటాడు.

విడుదలైనవాణ్ణి నెల నెలా ఆఫీసుకి రమ్మనకండి. రోజు కూలీ, బస్సు చార్జీ కలిపి చూస్తే వాడికి అదే పెద్ద జరిమానా. మావాళ్ళని వారపు సంతకి పంపేదాన్ని. వాడు ఉల్లిపాయలు కొనుక్కుంటుంటే పక్కన నిలబడి పది నిమిషాలు మాట్లాడితే ప్రొబేషన్ అని ఎవరికీ తెలీదు. ఇంటి ముందు జీపు ఆగితే ఊరంతటికీ తెలుస్తుంది.

వలస మన జిల్లాల జబ్బు. సూరత్, చెన్నై, కేరళ. మూడు నెలలు మనిషి కనపడకపోతే ఆఫీసరు ఉల్లంఘన రిపోర్టు తయారుచేసేస్తాడు. ఆపండి. పని కోసం వెళ్ళేవాడికి ముందే 8వ సెక్షను కింద షరతు మార్పించొచ్చు. ఆ దరఖాస్తు పెట్టే అధికారం మీ ఆఫీసరుకే ఉంది. ఒక్క పేజీ కాగితం. అది బద్ధకించి వారంటు తెప్పించడం నేను క్షమించలేదు. పాతపట్నం మేనమామ ఇంటికి వెళ్ళినవాణ్ణి ‘రాష్ట్రం దాటి పారిపోయాడు’ అని రాసిన మహానుభావుడు కూడా ఒకడున్నాడు మా దగ్గర. మా ఇంటి మేడెక్కి చూస్తే అదీ ఆంధ్రాయే, నేనూ రోజూ పారిపోతున్నట్టే లెక్క.

నిజంగా తప్పినప్పుడు మాత్రం దాచకండి. 9వ సెక్షను కింద మొదటి తప్పుకి కోర్టు బాండుని రద్దు చెయ్యకుండా కొనసాగనిస్తూనే 50 రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు. 1958 నాటి 50 అది, ఇప్పుడు ఒక పూట భోజనం. కాకపోతే పాత నేరానికి శిక్ష కూడా వెయ్యొచ్చు. అందుకే ఆ రిపోర్టు ఒక్క ఆఫీసరు కోపం మీద వెళ్ళకూడదు. నేను రెండో ఆఫీసర్ని ఒకసారి ఆ ఇంటికి పంపేదాన్ని. మళ్ళీ కత్తి పట్టుకున్నవాడి గురించి మాత్రం ఆరోజే రాసి పంపాను. ఆ ఇంట్లో పెళ్ళాం పిల్లలు ఉంటారు కదా. మరోవైపు, నడవడి బాగున్నవాడికి గడువు కంటే ముందే బాండు నుంచి విడుదల అడగొచ్చని అదే 8వ సెక్షనులో ఉంది. నేను కుర్చీలోకి వచ్చేదాకా మా ఆఫీసులో ఆ దరఖాస్తు ఒక్కటీ లేదు.

రిపోర్టు రహస్యం అని 7వ సెక్షను. మా దగ్గర ఆ రహస్యం ఎక్కడ కారిపోయేదో చెప్తే నవ్వుతారు. కోర్టు ఎదుట టైపు కొట్టు. ఆఫీసు కంప్యూటరు పాడైందని అక్కడ కొట్టించేవారు, సాయంత్రానికి ప్లీడరు గుమస్తాకి ప్రతి వాక్యం తెలిసేది. ‘అనుకూలంగా రాయిస్తాను’ అని వాడు పార్టీ దగ్గర డబ్బు గుంజేవాడు, మావాడికి తెలియకుండానే. చేత్తో రాసి కవరులో పెట్టి సీలు వెయ్యమన్నాను, అక్షరం బాగాలేకపోయినా పర్వాలేదని. ఇక కోడి, జీడిపప్పు సంచి తెస్తారు. కోడిని వెనక్కిచ్చేటప్పుడు కసరకండి. వాళ్ళకది లంచం కాదు, పెద్దింటికి ఉత్తచేతుల్తో రాకూడదన్న మర్యాద.

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. ప్రొబేషన్ మీద వదలడం గురించి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉన్న 360వ సెక్షను ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 401 అయింది. న్యాయ సంహితలో సమాజ సేవ అనే శిక్ష చేరింది: 5,000 రూపాయల లోపు సొత్తు మొదటిసారి దొంగిలించి తిరిగి ఇచ్చేసినవాడికి, తాగి నలుగురిలో అల్లరి చేసినవాడికి, ఇంకా కొన్నింటికి. ఏ పని, ఎవరు చూడాలి అన్నది చట్టం విడమరచలేదు. మేజిస్ట్రేటు అడిగేలోపు మీరే ఒక జాబితా తయారుగా ఉంచండి: ఆస్పత్రి తోట, బడి గోడకి సున్నం, చెరువు గట్టు. జనం చూసి నవ్వే పని పెట్టకండి. సొంత ఊళ్ళో కాలవ తీయిస్తే వాడు మర్నాడే సూరత్ రైలెక్కుతాడు.

ఉద్యోగాల సంగతి కూడా చెప్పడం నేర్చుకోండి. శిక్ష వల్ల వచ్చే అనర్హత ప్రొబేషన్ మీద వెళ్ళినవాడికి ఉండదని 12వ సెక్షను. కుర్రాళ్ళకి ఇది ఊపిరి. కానీ అప్పటికే సర్కారు నౌకరీలో ఉన్నవాడి మీద శాఖాపరమైన చర్యని ఈ సెక్షను ఆపదని సుప్రీంకోర్టు చెప్పింది. సగం మాట చెప్పి ఆశ పెట్టకండి.

గడువు తీరిన రోజు ఒక పని మిగులుతుంది, అది ఎవరూ చెయ్యరు. కోర్టుకి ఆఖరి రిపోర్టు పంపి ఫైలు అటకెక్కిస్తారు. ఆ మనిషికి అయిపోయిందని చెప్పేవాడుండడు. ఏళ్ళ తరబడి సంతలో మా ఆఫీసర్ని చూసి లేచి నిలబడేవాళ్ళున్నారు. అందుకే ఆఖరి రోజు మాత్రం బస్సు చార్జీ నేనే ఇచ్చి ఆఫీసుకి పిలిపించేదాన్ని. మోటారు కుర్రాడిది రెండేళ్ళ పర్యవేక్షణ. పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు, చంకలో పిల్ల. కాగితం చేతికిచ్చి, ‘రేపట్నుంచి ఎవరికీ కనపడక్కర్లేదు, తెలిసిందా?’ అన్నాను.

‘ఆజ్ఞా’ అన్నాడు.

లోపలున్న ప్యూన్ని పిలిచి సవరలో మళ్ళీ చెప్పించాను.